పదకొండో చిమ్మిలి

బంగారి చచ్చిపోయింది.

శనివారం మధ్యాహ్నం 3:40. పెండిల్ హిల్‌లో శ్రీపతి ఇల్లు. హాల్లో పాత టీవీ కేబినెట్. అందులో నీళ్ళ గిన్నెకు చుట్టుకుని, మూడడుగుల పైథాన్ బిగుసుకుపోయి ఉంది.

4:45కి ఉదయలక్ష్మి వచ్చింది. ఇరవయ్యేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఇప్పుడు ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్‌గా ఉంటోంది. పాము చావుకు తనను పిలుస్తారని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. కానీ ఫోన్లో శ్రీపతి కూతురు అనన్య గొంతు విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయింది.

"ఎవరో చంపారు ఆంటీ. హూ డిడ్ ఇట్, నాకు తెలియాలి. వదిలిపెట్టను."

అనన్యకు పంతొమ్మిదేళ్ళు. వెటర్నరీ నర్సింగ్ చదువుతోంది. పామును పెంచుకోడానికి లైసెన్సు తీసుకుని, ఆ పామిల్లు తన చేతులతోనే కట్టింది. కేబినెట్ ఎవరో ఫుట్‌పాత్ మీద పారేసింది. హీటర్, థర్మోస్టాట్ సెకండ్ హ్యాండ్. నీళ్ళ గిన్నె వంటింట్లోది.

"ఎవరూ చంపలేదండీ," అన్నాడు శ్రీపతి విసుగ్గా. "దీని చవక బేరాలే చంపాయి. రెండు డాలర్ల టేపు! ఊడింది. సెన్సర్ బయటపడింది. హీటర్ ఆగకుండా పనిచేసింది. లోపల పాము ఉడికిపోయింది."

ఉదయలక్ష్మి వంగి చూసింది. థర్మోస్టాట్ నుంచి ఒక సన్నటి వైరు. దాని కొసన వేలెడంత సెన్సర్. అది హీటర్ కింద నేలకు అంటుకుని ఉండాలి. అక్కడ వేడి 33 డిగ్రీలు దాటితే హీటర్ ఆగిపోతుంది. ఇప్పుడా సెన్సర్ టేపుతో సహా కేబినెట్ వెనక చల్లటి టైల్స్ మీద పడి ఉంది.

అనన్య ఏడవడం లేదు. పళ్ళు బిగబట్టింది. నాన్న మాటే నిజమైతే బంగారిని చంపింది తనే. ఆ భయం పిల్లను లోపల్లోపలే తినేస్తోంది.

ఉదయలక్ష్మి టార్చ్ వేసింది. కేబినెట్ నేలంతా తెల్లటి మరక.

"ఇదేమిటి?"

శ్రీపతి చెల్లెలు శాంతి గొల్లుమంది. "పాలండీ! ఇవాళ నాగులచవితి. పుట్ట ఎక్కడ దొరుకుతుంది ఈ పరాయి దేశంలో? ఇంట్లో సాక్షాత్తూ నాగేంద్రుడే ఉన్నాడు కదా అని గ్లాసుడు పాలు పోశాను. నా పాలే చంపాయా?"

"అత్తా! స్నేక్స్ డోంట్ డ్రింక్ మిల్క్!"

"ఉండమ్మా. ఎన్నింటికి పోశారు శాంతిగారూ?"

"పదింబావుకి."

"తర్వాత?"

"పదిన్నరకి అన్నయ్యా నేనూ హెలెన్స్‌బర్గ్ గుడికి బయల్దేరాం. నాలుగింటికి వచ్చాం."

"అనన్యా, నువ్వు?"

"ఎనిమిదింటికే వెళ్ళిపోయాను. క్లినిక్‌లో ట్రైనింగ్. మూడూ నలభైకి వచ్చేసరికి ఇలా."

ముందుగదిలో అద్దెకుంటున్న విఠల్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఐటీ కుర్రాడు. ముఖం నిండా జాలి.

"మీరు?"

"తొమ్మిదిన్నరకే సిటీకి వెళ్ళాను మేడం. పూజ కూడా చూళ్ళేదు. నాలుగున్నరకి వచ్చాను."

"ఇంటి తాళాలు ఇంకెవరి దగ్గరున్నాయి?"

"మా నలుగురి దగ్గరే," అన్నాడు శ్రీపతి.

ఉదయలక్ష్మి చేతికి గ్లవ్ తొడుక్కుంది. టేపును జాగ్రత్తగా ఎత్తి వెలుగులో తిప్పింది. అందరూ చూసిన టేపే. ఎవరూ సరిగ్గా చూడని టేపు.

"శాంతిగారూ, ప్రసాదం ఏం చేశారు?"

"చలిమిడి, నువ్వులూ బెల్లంతో చిమ్మిలి."

"చిమ్మిలి ఉండలు ఎన్ని?"

"పదకొండు. లెక్కపెట్టే చేస్తాను."

"ఎవరెవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. అన్నయ్యకీ నాకూ చుక్కలు కనబడేదాకా ఉపవాసం. పూజవగానే పళ్ళెం మీద మూతపెట్టి వెళ్ళాం. అనన్య వచ్చింది మొదలు ఇదే గొడవ."

"తీసుకురండి."

పళ్ళెం వచ్చింది. మూత తీశారు. లెక్కపెట్టారు.

పది.

ఉదయలక్ష్మి అనన్యను దగ్గరకు పిలిచి, కేబినెట్‌లోకి టార్చ్ చూపించింది. "ఆ పాల మరక మధ్యలో చూడు. పాలు తగలని చోటు కనిపిస్తోందా? వేలెడు పొడుగు, టేపంత వెడల్పు. పాలు పోసినప్పుడు సెన్సర్ అక్కడే ఉంది. పాలు దాని చుట్టూ ఆరాయి. ఆ తర్వాతే దాన్ని పీకారు. నీ టేపు ఊడలేదమ్మా. నీ థర్మోస్టాట్ చెడలేదు. నువ్వు కట్టిన ఇంట్లో ఏ లోపమూ లేదు."

అప్పుడు ఏడ్చింది అనన్య. శ్రీపతి కూతురి వంక చూడలేక తల దించుకున్నాడు.

"పీకినవాడి చేతికి నువ్వుల జిడ్డుంది. ఇదిగో, టేపు మీద రెండు నువ్వు గింజలు. బెల్లంలో బొటనవేలి ముద్ర. ఉపవాసమున్నవాళ్ళు ముట్టని ప్రసాదం అది. వీళ్ళు గుడికి వెళ్ళాక ఎవరో ఇంటికి తిరిగొచ్చి తిన్నారు. పదకొండులో ఒకటి తగ్గితే ఎవరు చూస్తారులే అనుకున్నారు. కదా విఠల్?"

విఠల్ ముఖంలో జాలి ఎగిరిపోయింది. దాని కింద ఉన్నది బయటపడింది.

"అవును! లైసెన్సు లేదని సెప్టెంబరులో నా పామును పట్టించింది ఎవరు? ఈ అనన్యే కదా! అధికారులు ఇంటికొచ్చి బాక్సుతో సహా పట్టుకుపోయారు. నా కళ్ళముందే!"

"నీ పాము బతికే ఉంది!" అనన్య అరిచింది. నిన్నటిదాకా 'విఠల్ అన్నా' అని పిలిచిన నోరది. "నాది చల్లటి చోటు కోసం ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగి తిరిగి చచ్చిపోయింది!"

"సారీ అనన్యా. కంప్లైంట్ ఇవ్వొద్దు ప్లీజ్. నా పర్మనెంట్ రెసిడెన్సీ అప్లికేషన్..."

"ఇచ్చేశాను. నువ్వు రాకముందే. యానిమల్ ఇన్‌స్పెక్టర్ ఏడున్నరకి వస్తాడు."

గడియారం అయిదు చూపిస్తోంది. ఇంకా రెండున్నర గంటలు.

అనన్య కళ్ళు తుడుచుకుంది. డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ లాక్కొచ్చి, సరిగ్గా బంగారి ఎదురుగా వేసింది.

"కూర్చో. దాన్ని చూస్తూ కూర్చో."

విఠల్ గుమ్మం వైపు కదిలాడు. అక్కడ శ్రీపతి ఉన్నాడు. ఏడాదిగా ఆ పామును బయట పారేయమని పోరుపెట్టిన మనిషి, వీధి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మా అమ్మాయి కూర్చోమంది."

విఠల్ కూర్చున్నాడు.

శాంతి లోపలి నుంచి వచ్చింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. చిమ్మిలి పళ్ళెం అతని ఒళ్ళో పెట్టింది.

"ఇంకా పదున్నాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చేలోగా తిను నాయనా."