తిన్నగా ఇంటికి

వాన!

మనీలా రోడ్డు మీద బైక్ ట్యాక్సీ దూసుకుపోతోంది. వెనక సీట్లో నెరిస్సా.

ఆమె ఫోన్‌లో సెనేటర్ ఎవరిస్టో మెసేజ్.

"రెనాంతె శవం దగ్గర్నుంచి తిన్నగా ఇంటికొచ్చేశాను. నువ్వూ నీ కార్లో వచ్చెయ్. ఒంటరిగా."

ఆయన దేశాధ్యక్ష పదవికి అభ్యర్థి. ఆమె ఆయన ప్రచార మేనేజర్. ఎల్లుండే పోలింగ్.

తిన్నగా ఇంటికా...? ఎవరిస్టోనా!

చావింటి నుంచి తిన్నగా ఇంటికెళితే చచ్చినవాడు వెంట వస్తాడని ఆయన భయం. దారిలో ఎక్కడో ఆగి తీరాలి. ఆయన ఆగేది ఒక్కచోటే... పెట్రోల్ బంకు పక్కన కోడి గంజి కొట్టు. కన్నతల్లి పోయిన రోజూ అక్కడే ఆగాడు!

అంటే ఇది రాసింది ఆయన కాదు.

ఆయన ఫోన్ విలేకరి రెనాంతెని చంపినవాళ్ల చేతిలో ఉంది!

భయం వేయాలి. వేయడం లేదు. ఆ విలేకరి చచ్చిన రోజు నుంచి ఆమెకి ఏడుపూ రాలేదు, ఆకలీ లేదు.

పొద్దున సెనేటర్‌కి రాసింది. 'వాడి నోరు మూయించమని మీరు నాకు రాశారు సార్. నేనెవరికీ చెప్పలేదు. మరెవరు చేశారు? మీకూ ప్రమాదమేమో!'

జవాబు లేదు. చీకటి పడ్డాక ఈ మెసేజ్.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో తమ్ముడు డొమెల్ గొంతు.

"అక్కా, నీ కారు భలే ఉందే! ఇక నాదే!"

"నోర్మూసుకుని నడుపు. సార్ ఇంటి గేటు బయటే ఆగు. లోపలికెళ్లావో, కాళ్లు విరగ్గొడతా! ఎవరున్నారో చూసి చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."

"చిత్తం మేడమ్!"

గంజి కొట్టు ముందు బైక్ ఆగింది.

కొట్టు నిండా అల్లం వాసన. ఆవిరి. మూల బల్ల దగ్గర...

ఎవరిస్టో! గుడ్డు పెంకు వలుస్తున్నాడు. గిన్నె పక్కనే ఆయన ఫోన్.

"సార్... మీ ఫోన్ మీ దగ్గరే ఉందా?"

ఆయన తలెత్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు... ఇంటికెళ్లలేదా?"

"మీరు తిన్నగా వెళ్లరు కదా సార్."

ఆయన చేతిలో గుడ్డు ఆగిపోయింది.

"వాడి నోరు మూయించమని నేను రాసింది నీ ఒక్కదాని దగ్గరే ఉంది నెరిస్సా. మరి... నీ కారు గేటు దగ్గరికొచ్చిందని మావాళ్లు ఇప్పుడే చెప్పారే! అందులో ఎవరు?"

"డొమెల్! వెనక్కి తిప్పు!"

"ఉండక్కా, ఎవరో గొడుగేసుకుని వస్తున్నాడు. వాచ్‌మన్ అనుకుం..."

ఢాం!

ఆ తర్వాత చెవిలో వాన. వైపర్ల చప్పుడు. అంతే.

నెరిస్సా నిలబడే ఉంది.

సెనేటర్ గిన్నె ఆమె వైపు జరిపాడు.

"కూర్చో. తిను. ఇవాళ నువ్వు కూడా తిన్నగా ఇంటికెళ్లకూడదు."