రెండో సామర్థ్యం

2087లో విశ్వవిద్యాలయాల్లో పరీక్షలు లేవు. మార్కులు లేవు. పని వచ్చా, రాదా? వస్తే సామర్థ్య పత్రం ఇస్తారు. రాకపోతే వచ్చేదాకా ఇవ్వరు.

తేల్చేది ఎరుకపట్టీ. విద్యార్థి నుదుటికి ఒకటి, మెంటర్ నుదుటికి ఒకటి కడతారు. చెయ్యి కదలడానికి అరసెకను ముందు మెదడులో నిర్ణయ సంకేతం పుడుతుంది. అది మొదట ఎవరి తలలో పుట్టిందో పట్టీలోని సెన్సర్లు పసిగడతాయి. గురువు తలలో పుట్టింది శిష్యురాలి చేతిలోకి వస్తే ఆ ప్రయత్నం రద్దు. కరెంటు పని కాబట్టి మెంటర్ పక్కనే ఉండాలని నిబంధన.

నీలవేణికి మూడు ప్రయత్నాలు రద్దయ్యాయి. మొదటిసారి ఆమె మెంటర్ అప్పలస్వామి దగ్గాడు. రెండోసారి కనుబొమ్మ ఎగరేశాడు. మూడోసారి గోడవైపు తిరిగి నిలబడ్డాడు గాని, వీపు బిగించాడు. ఇది నాలుగోది, ఆఖరిది. పోతే రెండేళ్ళ చదువు మళ్ళీ మొదటి నుంచి. నెగ్గితే సముద్రం మీద తేలే వరిపొలాల్లో పంపు మెకానిక్కు ఉద్యోగం.

బల్ల మీద ఆ పొలాల నుంచి తెచ్చిన మోటారు ఉంది. ఎందుకు ఆగిందో కనిపెట్టి, తిప్పి చూపించాలి.

"ఈసారి నోటికి గుడ్డ కట్టేసుకుంటానే," అన్నాడు అప్పలస్వామి.

"వద్దు మేస్టారూ. మీరు మాటాడండి. గట్టిగా మాటాడండి."

"మతి పోయిందేటే?"

"నోరు మూసుకుంటే మీ ఒళ్ళంతా మాటాడతాది. అది నాకు తెలీకుండానే లోపలికెళ్ళిపోతంది. మాటైతే వినబడతాది. వినబడితే కాదనొచ్చు."

"నన్ను కాదంటావా? ఎంత పొగరే!"

పట్టీల సంకేతాలు చదివి తీర్పు చెప్పే యంత్రం పేరు ఎరుక. నీలవేణి దాని వైపు తిరిగింది. "ఎరుకా, మేస్టారు మాటాడొచ్చా?"

"కూడదని నిబంధన లేదు," అంది ఎరుక. "ఇంతవరకు ఎవరూ అడగలేదు."

అప్పలస్వామికి పండగైంది. ఆమె మోటారును ముట్టుకోకముందే అందుకున్నాడు. "కాలిన వాసనొస్తంది. వైండింగు పోయింది. విప్పీయే! ఏటలా సూస్తావు, తీగంతా లాగీ!"

నీలవేణి కటింగ్ ప్లయరు తీసింది. ఆగింది. కింద పెట్టింది. వైండింగుకు మీటరు పెట్టి చూసింది. బాగానే ఉంది. షాఫ్టు చేత్తో తిప్పింది. తిరగలేదు.

"షాఫ్టుతో నీకేటి పని? ముప్పయ్యేళ్ళు బోరు మోటార్లు బాగుచేశానే నేను!"

"బోరు నీళ్ళలో ఇంత ఉప్పుండదు మేస్టారూ."

బేరింగు మూత ఊడదీసింది. లోపల ఉప్పు గడ్డకట్టి ఉంది. కాలింది రబ్బరు సీలు. ఉప్పు గీకి, కొత్త బేరింగు, కొత్త సీలు వేసి స్విచ్చి నొక్కింది. మోటారు హాయిగా తిరిగింది.

అప్పలస్వామి తిరుగుతున్న మోటారు వైపు చూసి, "నేనూ అదే అందామనుకున్నాను," అన్నాడు.

"ఆ ఆలోచన మీ తలలో నమోదు కాలేదు," అంది ఎరుక.

నీలవేణి పడీపడీ నవ్వింది. కాసేపటికి ఆయనా నవ్వాడు.

పత్రం వచ్చింది. అందులో రెండు వరుసలున్నాయి. మోటారు లోపం కనిపెట్టే సామర్థ్యం, ఉంది. పక్కన పెద్దవాడు గట్టిగా తప్పు చెబుతున్నా తన పని తాను చేసుకునే సామర్థ్యం, ఉంది. రెండోది ఆ విశ్వవిద్యాలయంలో అంతకుముందు ఎవరికీ రాలేదు.

"ఆ రెండోది నా వల్లే వచ్చిందే," అన్నాడు అప్పలస్వామి. ఈసారి ఎరుక కాదనలేదు.

పొలాల మేనేజరు తులశమ్మ ఆ సాయంత్రమే తెర మీదికి వచ్చింది. "అమ్మాయ్, రెండో వరుస నిజవేనా? మా చీఫ్ ఇంజనీరు విప్పమంటే ముప్పై మంది మెకానిక్కులూ విప్పేస్తారు. ఒక్క పంపూ తిరగట్లేదు. రేపే వచ్చెయ్."

ఆరు వారాల్లో పంపులన్నీ తిరిగాయి. తులశమ్మ నీలవేణి జీతం పెంచింది.

ఏడో వారం చీఫ్ ఇంజనీరు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాడు. అమ్మాయి పని బాగుంది, ఇకమీద మొదటి సామర్థ్యం ఉన్నవాళ్ళనే పంపండి, రెండోది వద్దు అని. మరో పద్నాలుగు సంస్థల నుంచి అలాంటి ఉత్తరాలే వచ్చాయి, ముందుజాగ్రత్తగా.

విశ్వవిద్యాలయం పెద్దలు పన్నెండు మంది సమావేశమయ్యారు. వైస్ ఛాన్సలర్ చెయ్యెత్తాడు. మిగతా పదకొండు చేతులూ లేచాయి. రెండో వరుసను సామర్థ్య పత్రం నుంచి ఏకగ్రీవంగా తీసేశారు.

ఆ సమావేశంలో ఎవరూ పట్టీ కట్టుకోలేదు.