మెహరున్నీసా మడిపెట్టె

2041 ఫిబ్రవరి 11, సోమవారం, పొద్దున్న పదిన్నర. గుంటూరులో ఒక ఫోరెన్సిక్ ల్యాబు. ఆండాళు పట్టుగుడ్డలో చుట్టి తెచ్చిన చిన్న డిస్కును సైంటిస్టు మెహరున్నీసా తన కొత్త పెట్టెలో అమర్చుతోంది. ఆండాళు కూర్చోలేక లేచింది, నిలబడలేక మళ్ళీ కూర్చుంది.

ఆమె భర్త వరదాచారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. రెండు వారాల కిందట, ఏకాదశినాడు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అక్కడెవరో అమ్మోనియా వాల్వు తిప్పేశారు. ఆ విషవాయువుకి ఇద్దరు కూలీలు పోయారు. మిగతా సిబ్బందంతా భోజనాలకి వెళ్ళిన వేళ అది. ఏకాదశినాడు వరదాచారి పచ్చి మంచినీళ్ళు ముట్టడని ఊరంతటికీ తెలుసు గనక, కదలకుండా లోపలే ఉన్నవాడు ఆయనేనని పోలీసులు తేల్చారు. ఎక్కడున్నావంటే ఆయన నోరు విప్పడు.

అత్తగారు స్టవ్వు కట్టెయ్యడం మరిచిపోతోందని వంటింట్లో కెమెరా పెట్టుకున్నారు. ఆ సాయంత్రం ఆయన అందులో ఏదో చెరిపేస్తుండగానే పోలీసులు గుమ్మమెక్కారు. ఏం తోచిందో ఏమో, ఆండాళు గబుక్కున ఆ కెమెరా డిస్కు ప్లగ్గు పీకేసింది.

అదే మేలయిందంది మెహరున్నీసా. చెరిపినది వెంటనే పోదట. డిస్కులో ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. కరెంటు తగిలితే చాలు, చెరిపిన చోటల్లా తనంతట తానే ఊడ్చేస్తుంది. బయటివాళ్ళు రాయకుండా తాళం వెయ్యగలిగారు గానీ, లోపలి చీపురును ఇన్నాళ్ళూ ఎవరూ ఆపలేకపోయారు. ఈ పెట్టె ఫర్మ్‌వేర్‌ను నిద్ర లేపకుండా, మెమరీ చిప్పులకి మాత్రమే కరెంటిచ్చి చదువుతుంది.

"అయితే మడిగట్టినట్టే కదండీ."

"పేరు బావుందమ్మా." మెహరున్నీసా నవ్వి, అంతలోనే ఆగింది. "ఒక్క మాట. ఏం బయటపడ్డా కోర్టుకి వెళ్తుంది. దాచమంటే నా వల్ల కాదు."

ఆండాళు వేళ్ళు తులసిపూసల మీద ఆడుతూనే ఉన్నాయి. "ఏమున్నా సరే. మనిషి ఇంటికి రావాలి."

తెర మీద వంటిల్లు. ఒంటిగంటా ఇరవై నుంచి రెండింటి దాకా. ఆడవాళ్ళిద్దరూ గుళ్ళో ఉన్న వేళ, వరదాచారి తనే అన్నం వార్చుకుని, ఆవకాయ కలిపి, కళ్ళు మూసుకుని తింటున్నాడు.

"పద్దెనిమిదేళ్ళుగా ఆయన్ని చూసే కదండీ, అత్తగారూ నేనూ ఉపవాసాలుంటున్నది!" అంది ఆండాళు.

సాయంత్రానికి ఆయన్ని వదిలేశారు. ఆవకాయే మిమ్మల్ని కాపాడిందండీ ఆచారిగారూ అన్నాడట కానిస్టేబులు.

మర్నాడు మళ్ళీ ఏకాదశి. పొద్దున్న ఏడింటికే ఎనభైరెండేళ్ళ అత్తగారు పీట మీద కూర్చుంది.

"ఆకు వెయ్యవే ఆండాళూ. ఆకలేస్తోంది."

అత్తాకోడళ్ళిద్దరూ వేడన్నం మారు వడ్డించుకుని మరీ తిన్నారు. మూడో ఆకు కూడా వేసింది ఆండాళు. వరదాచారి దాని ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి చాపలేదు.