పాస్‌వర్డ్ అడగని గది

మా అక్క పనిచేసే ఆఫీసులో, నేలమాళిగలో ఉన్న సర్వర్ గదికి అస్సలు మంచి పేరు లేదు. చీకటి పడితే వాచ్‌మన్ కూడా అటు తొంగిచూడడు. పాత సూపర్‌వైజర్ ఒకాయన అక్కడే, కీబోర్డు మీద తల వాల్చి పోయాడట. మనిషి పోయాడు గానీ కుర్చీ మార్చలేదు... కంపెనీ అంత పిసినారిది.

నాకు కంప్యూటర్ల సంగతి పెద్దగా తెలీదు. అక్క చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా.

ఆ గదిలో పాత మెషీన్ ఒకటుంది. అందులో యూనిక్స్ లాంటి సిస్టం ఏదో నడుస్తుంది. దానికి రూట్ అంటే యజమాని — ఏం చేసినా అడిగే దిక్కుండదు. రాత్రిళ్లు ఎవరో పాస్‌వర్డ్ కొట్టకుండానే రూట్‌గా దూరిపోతున్నారు. ఎక్కడో కన్నం ఉంది. అక్క కొన్నాళ్లుగా వెతుకుతోంది.

"తెల్లారేలోగా తేల్చమ్మా. లేదంటే దారి ఇచ్చింది నువ్వే అనుకోవాల్సొస్తుంది," అన్నాడు మేనేజరు.

అంటే ఉద్యోగం గోవిందా.

ఆ రాత్రి అక్క ఆ కుర్చీలోనే కూర్చుంది. ఫ్యాన్ల హోరు... ఎముకలు కొరికే చలి... చివరికి దొరికింది. ఎవరికీ పట్టని ఓ బుల్లి ప్రోగ్రాం. దాన్ని నడిపితే చాలు, పాస్‌వర్డ్ అడక్కుండా రూట్‌ని చేసేస్తుంది. అక్క నడిపి చూసింది. లోపలికెళ్లింది.

లోపల — అప్పటికే ఒకరున్నారు.

అక్క టైపు చేసింది. "ఎవరు?"

"నువ్వెవరు?"

అక్క మళ్లీ టైపు చేసింది. "సార్... మీ కుర్చీలో కూర్చున్నందుకు తప్పయిపోయింది. వదిలేయండి. నాకింకా పెళ్లి కూడా కాలేదు."

కర్సర్ ఆరుతూ వెలుగుతూ...

"నాకూ కాలేదు."

అక్క కెవ్వుమంది!

"అరవకండి. పై అంతస్తుకి వినిపిస్తోంది."

కాసేపటికి తన మెషీన్ ఆపేసి, ఆయాసపడుతూ మెట్లు దిగొచ్చాడు నైట్‌డ్యూటీ అబ్బాయి. ఉంగరాల జుట్టట! (ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పించుకున్నా.) అతనూ దొంగని పట్టుకుందామనే, అదే కన్నంలోంచి దూరి కాపు కాస్తున్నాడు. ఇన్నాళ్లూ అక్క వెతుకులాట జాడ చూసి అతను, అతని జాడ చూసి అక్క హడలి చచ్చారన్నమాట.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ప్రోగ్రాంని పీకి పారేశారు. కన్నం పూడింది, ఉద్యోగం నిలిచింది. అబ్బాయి టీ తాగుదామా అన్నాడు కూడా! ఇక్కడే నా గుండె ఆగినంత పనైంది.

అక్క లేవబోయి ఆగింది.

"అవునూ... నేను వెతకడం మొదలుపెట్టకముందే ఎవరో వచ్చారుగా. అది మీరేనా?"

"లేదండీ. మీరనుకున్నా..."

ఇద్దరూ మెల్లగా తెర వైపు తిరిగారు. అతని చేతులు జేబుల్లో ఉన్నాయి. అక్క చేతులు ఒళ్లో ఉన్నాయి.

తెర మీద ఒక్కో అక్షరమే పడుతోంది —

"నాకు పెళ్లైంది. అందుకేగా ఇంటికెళ్లకుండా ఇక్కడుంటున్నా."