పేడ పొయ్యి పందెం

పంచవర్ణానికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పొయ్యి పొగకు దగ్గి దగ్గి, రెండేళ్ల కూతురు సరసు ఎప్పుడైనా నిద్రలో ఊపిరి తీసుకోవడం మరచిపోతుందేమోనని.

అందుకే పాపారపట్టిలో ఇంకెవరూ ముందుకు రాకపోయినా, బ్లాక్ ఆఫీసు వాళ్లు చెప్పిన పేడ గ్యాసు గుంతను తన పెరట్లో తవ్వించుకుంది. గుంతలో బోర్లించిన ఇనుప డ్రమ్ము, గ్యాసు పుట్టేకొద్దీ పైకి లేస్తుంది. అక్కడి నుంచి గొట్టం నేరుగా వంటింట్లోకి. పొగ అన్నమాటే ఉండదట.

మొగుడు జయరామన్ సముద్రం ఒడ్డున కల్పాక్కంలో అణు కరెంటు కేంద్రం కడుతున్న చోట ఎలక్ట్రీషియన్. ఆమెకు సొంత మేనమామే. లీవు పెట్టి, వానలో తడుస్తూ అతను ఇంటికి వచ్చేసరికి పెళ్లాం మోచేతుల దాకా పేడలో ఉంది.

"ఏమే పంచూ, మొగుడొస్తే ఇట్లనా ఎదురొచ్చేది?"

"నేను మల్లెపూలు పెట్టుకుని నిలబడుకుంటే ఈ పేడ ఎవరు కలుపుతారు మామా? నువ్వు కలుపుతావా?"

"నేనా? అణువు మనిషిని పట్టుకుని పేడ కలపమంటావా!"

"ఏదీ ఆ అణువు? ఒక్క బల్బన్నా వెలిగిందా?"

"ఇంకా గోడలే లేస్తా ఉండాయి. వెలిగినాక చూడు. దేశంలో ఫ్యాక్టరీలన్నీ నడవాల. పేడతో రైలు నడుస్తాదా?"

"రైలు నడపమని నేనెక్కడ అడిగినా? పాప పాలు కాగితే చాలు నాకు. సరే, మీ కరెంటు వచ్చినాక ముందు మద్రాసుకు ఇస్తారా, పాపారపట్టికి ఇస్తారా?"

జయరామన్ తువ్వాలుతో తల తుడుచుకోవడంలో మునిగిపోయాడు. దాని వెనక నవ్వుతున్నాడని ఆమెకు తెలుసు.

లోపల సరసు దగ్గింది. నవ్వు ఆగిపోయింది.

"ఇద్దరూ నాతో వచ్చేయండి పంచూ. క్వార్టర్స్ ఇచ్చినారు. కిరసనాయిలు స్టవ్వు కొన్నా."

"అణువు పక్కన నా బిడ్డనా? నేను రాను మామా."

"అయితే పందెం. నా లీవు ముగిసేలోపు నీ పేడ వెలగకపోతే బస్సెక్కాల."

"వెలిగితే?"

"అణువు కన్నా పేడే గొప్పదని ఊరంతా వినేటట్టు అరుస్తా."

పంచవర్ణం ధీమాగా తలూపింది. డ్రమ్ము అప్పటికే నిండుగా పైకి లేచి ఉంది మరి.

పొయ్యి దగ్గర రంగమ్మాళ్ కర్పూరంతో కూర్చుంది. పంచవర్ణానికి ఆమె అమ్మమ్మే, ఇప్పుడు అత్తగారు కూడా. ఆ ఇంట్లో కొత్త పొయ్యిని ఆలుమగలు ఒకే పుల్ల పట్టుకుని ముట్టించాలి. అది రంగమ్మాళ్ పెట్టిన రూలు.

రెండు చేతులు, ఒక అగ్గిపుల్ల. అతని వేళ్లు కావాలనే ఆమె వేళ్ల మీదికి జరిగాయి.

"పుల్ల పట్టుకో మామా, నన్ను కాదు!"

పుల్ల ఆరిపోయింది. ఇంకొకటీ ఆరింది. పొయ్యి బుస్సుమంటుంది గానీ మండదు.

"ఆఫీసు వాళ్లు ఏం చెప్పినారే?"

"మొదటి గ్యాసు మండదు, బయటికి వదిలేయమన్నారు."

"వదిలినావా?"

పంచవర్ణం తల వంచుకుంది. "ఇద్దరం కలిసే ముట్టించాలని అవ్వ చెప్పిందే. నువ్వు వస్తావని మొదటి గ్యాసంతా దాచిపెట్టినా. నీ కోసం దాచింది ఎట్ల వదిలేది మామా?"

జయరామన్ నవ్వబోయి, నవ్వలేకపోయాడు. తనే లేచి గొట్టం కుళాయి తిప్పి గ్యాసు బయటికి వదిలాడు. డ్రమ్ము మెల్లగా కిందికి దిగిపోయింది, ఆమె గుండెతో పాటు.

మళ్లీ నిండాలంటే ఎండ కావాలి. వాన మాత్రం వదల్లేదు. పేడ చల్లబడితే గ్యాసు పుట్టదని పంచవర్ణం డ్రమ్ము చుట్టూ గడ్డి కప్పింది. జయరామన్ తన కంబళి తెచ్చి దాని మీద చుట్టాడు. పొద్దున్నే పంచె ఎగ్గట్టి పేడ కలపడానికి దిగాడు.

"అణువు మనిషికి మంచి సెంటు దొరికింది!" అని రంగమ్మాళ్ ఒకటే నవ్వు.

"పందెం ఓడిపోవాలని ఉందా నీకు?" అడిగింది పంచవర్ణం.

"పాప దగ్గేది వింటా ఉండా కదా. పందెం ఎవరికి కావాల?"

ఆ మాట తర్వాత ఆమెకు డ్రమ్మును చూస్తే, లెమ్మని మొక్కాలో వద్దని మొక్కాలో తెలియలేదు.

అతను బయలుదేరే పొద్దున డ్రమ్ము జానెడు లేచింది. రెండు చేతులు, ఒక పుల్ల. గుప్పున నీలి మంట! పాలు పొంగాయి. రంగమ్మాళ్ ఇద్దరి నెత్తినా చేయి పెట్టి, "పొగ లేకుండా బతకండి" అంది.

జయరామన్ గోడ మీది నుంచి పక్కింటికి అరిచాడు. "మునియక్కా! అణువు కన్నా పేడే గొప్పది!"

"పొద్దున్నే తాగినాడా ఏందీ వీడు?" అంది మునియక్క.

అందరూ నవ్వారు. పంచవర్ణం కళ్లు మాత్రం నిండాయి.

"గెలిచినావు కదే?"

"గెలిచినా. కొంచెం ఓడించి ఉండకూడదా మామా?"

అతను గొంతు తగ్గించాడు. "నాకూ అక్కడ భయమే పంచూ. కొత్త పని, కొత్త చోటు. నువ్వు పక్కన ఉంటే బాగుండునని పందెం కట్టినా. పాప దగ్గు తగ్గనీ. అప్పుడు నువ్వు రమ్మంటేనే మిమ్మల్ని తీసుకుపోవడానికి వస్తా."

"రమ్మంటా," అందామె. "దేశానికి అణువో పేడో ఢిల్లీ వాళ్లు కొట్లాడుకోనీ. మనం ఒక చోట ఉందాం."

ఇప్పుడు సరసు దగ్గకుండా నిద్రపోతోంది. పంచవర్ణం భయమే జయరామన్ వెంట బస్సెక్కి సముద్రం దిక్కుకు పోయింది. మీలో ఎవరైనా కల్పాక్కం వైపు వెళితే, ఎలక్ట్రీషియన్ జయరామన్ ఎక్కడని అడగండి. పేడ మరకల కంబళి కప్పుకునేది అతనే. వేళకు అన్నం తింటున్నాడా, భయం లేకుండా నిద్రపోతున్నాడా, కాస్త చూసి రండి.