ఇరవై మూడో ర్యాంకు బడి

2079 నాటికి వెదురుపాడు మండలంలో పిల్లల్ని ఏ బళ్లో వేయాలని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గుమ్మం మీదా ఒక వెలుగుపలక, దాని మీద ఆ బడి ర్యాంకు. మొత్తం ఇరవై మూడు బళ్లు. సంతలో వంకాయలు ఏరినట్టు తల్లిదండ్రులు బళ్లను ఏరుకుంటున్నారు.

ఆ ర్యాంకులిచ్చేది అక్షరమాపి. పిల్లలు చదువుతుంటే బల్లమీది సెన్సర్ వాళ్ల కంటిపాప కదలికను పట్టి, ఎంత అర్థమైందో లెక్కగడుతుంది. కాపీ కొట్టడానికి వీల్లేదు. దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమకు అదే పెద్ద గర్వం.

వరసగా మూడేళ్లు చివరి ర్యాంకు వస్తే బడి మూసేస్తారు. కాలవగట్టు బడికి ఇది మూడో ఏడు. సోమవారం మూత అనగా, శుక్రవారం ఆ బడి హెడ్మాస్టరు యోహాను హైమ దగ్గరికి వచ్చాడు.

"మా పిల్లలు వెనకబడ్డారని మీ మిషను చెప్పింది. కాదనను మేడమ్. వాళ్లు ఎక్కణ్ణించి వచ్చారో కూడా దాన్నే అడగండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

హైమ అడిగింది.

"అరవై మందిలో నలభై నలుగురు వేరే బళ్లు పంపేసినవాళ్లు," అంది అక్షరమాపి. "ఎక్కువమందిని పంపింది మొదటి ర్యాంకు బడి. ప్రతి ఏడూ కొలత వారానికి ముందే."

ఇన్‌స్పెక్షన్ రోజున చదువురాని పిల్లల్ని ఇంట్లో ఉండమనడం మన బళ్లలో తాతలనాటి అలవాటు. ఇప్పుడు ఏకంగా టీసీ చేతిలో పెడుతున్నారు. యోహాను ఒక్కరినీ కాదనలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ర్యాంకులే అడిగారు."

తిలాపాపం తలా పిడికెడు అని సరిపెట్టుకోబోయింది గానీ, కొలబద్ద చేసిచ్చింది తనే కదా. హైమకు సిగ్గేసింది. పిల్లలు బళ్లో చేరిన రోజు నుంచి ఎంత ఎదిగారన్నదే కొలవమని ప్రోగ్రామ్ మార్చింది. కాలవగట్టు మొదటికొచ్చింది. మొదటి బడి అట్టడుక్కు పోయింది. అక్కడే చదువుతున్న తన కొడుకు నిహాల్ ఏడాదిగా కొత్తగా నేర్చింది ఏమీ లేదు.

"ప్రకటించమంటారా?" అంది అక్షరమాపి.

"ఒక్క గంట ఆగు," అంది హైమ.

కారెక్కి నేరుగా కాలవగట్టుకు వెళ్లింది. బడి మూయరని చెబితే యోహాను కళ్లు తుడుచుకున్నాడు. ఆమె నిహాల్ దరఖాస్తు బల్లమీద పెట్టింది.

"ఒక్క సీటే ఉందమ్మా. సువార్త అనే పిల్ల రేపు చేరాలి. మొదటి బడివాళ్లు పంపేశారు," అన్నాడాయన.

అయినా హైమ దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. ఎవరినీ కాదని ఎరగని మనిషి, దాని మీద సంతకం పెట్టాడు.

తిరిగొచ్చి జాబితా ప్రకటించమంది. సాయంత్రం నాలుగయ్యేసరికి కాలవగట్టుకు నాలుగు వందల దరఖాస్తులు.

"మరి సువార్తకు ఎక్కడుంది సీటు?" అంది హైమ మెల్లగా.

"ఇరవై మూడో ర్యాంకు బళ్లో. ఆమెను పంపేసిన బడే అది. మీ దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి ఐదింటిదాకా గడువుంది."

హైమ తల దించుకుంది. ఆరయ్యేదాకా అలాగే కూర్చుంది.