కోబే నుంచి వచ్చిన చిత్రిక

శనివారం ఉదయం పోస్ట్‌మ్యాన్ పార్సిల్ ఇచ్చి వెళ్ళగానే ప్రభావతి దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, చుట్టూ కుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. ఆమె మరిది షిప్పులో పనిచేస్తాడు. జపాన్‌లోని కోబేలో కొని, విశాఖలో దిగగానే పంపించాడు.

"టిఫిను తిని చూసుకోవచ్చుగా," అన్నాడు భర్త దేవదానం.

"ఒక్క నిమిషమండీ." ఆమె కుట్టు దారం పళ్ళతో తెంపేసింది.

మచిలీపట్నంలో సైన్సు టీచరు ఆమె. చీరల బీరువాలో కింది రెండు అరలూ పనిముట్లవే. దొరల బంగళా వేలంలో దొరికిన ఇంగ్లండు షెఫీల్డు ఉలులు, స్వీడన్ ఉలి, జర్మనీ రంపం. ప్రతి శనివారం కూతురు ప్రియతో నెట్ సెంటర్‌కి వెళ్ళి, తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళతో ఏ ఉక్కు మంచిదో, ఎలా నూరాలో ఉత్తరాలు నడుపుతుంది. "మీ ఉలి వందేళ్ళ నాటిది" అని ఇంగ్లండు నుంచి ఒకాయన రాస్తే, వారం రోజులు స్టాఫ్ రూములో అదే మాట.

ప్రియ ఆఖరి కాగితం తీసింది. చెక్క నునుపు చేసే చిత్రిక. తెల్లటి ఓకు కలప దిమ్మలో దూర్చిన బ్లేడు తళుక్కుమంది.

"అమ్మా, ఇది తోసేది కాదు, లాగేది."

"ఎవరిదే అది?"

ముగ్గురూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో ప్రభావతి తండ్రి బాలస్వామి. పామిడిముక్కల చుట్టుపక్కల చర్చిల్లో బెంచీలన్నీ ఆయన చేసినవే. కంటి ఆపరేషన్ అయ్యాక వారం క్రితమే ఇక్కడికొచ్చాడు. ఆయనొచ్చిన రోజే ప్రభావతి బీరువాకి తాళం వేసింది.

"నాదే నాన్నా."

"నీకెందుకు? పనొచ్చినవాడి చేతిలో ఉండాలి గానీ, బొమ్మల్లా దాచుకోడానికా?"

"పని నేర్పమని అడిగాను కదా." ఆమె గొంతు పెరిగింది. "పదేళ్ళప్పుడు ఉలి పట్టుకుంటే, లాక్కుని వంటింట్లోకి పొమ్మన్నావు. చివరికి నీ పనిముట్ల పెట్టె బాబాయి కొడుక్కిచ్చావు. నన్నొక్క మాట అడిగావా? వాడు దాన్ని పాత ఇనప కొట్లో వేసేశాడు."

"ప్రభా," అన్నాడు దేవదానం మెల్లగా.

బాలస్వామి గుమ్మం పట్టుకున్నాడు. "వేసేశాడా? కైకలూరులో వాటితోనే పని చేసుకుంటున్నాడనుకున్నానే."

ఆయనకి తెలియదని ప్రభావతికి గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్న మాట నోట్లోంచి జారిపోయింది. ఆయన కుర్చీలో కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు.

"క్షమించు నాన్నా. చెప్పకూడదనుకున్నాను."

ఆయన కండువా తీసి భుజాన వేసుకున్నాడు. "తప్పు నాది. ఇవ్వాల్సినవాళ్ళకి ఇవ్వలేదు. ఇంకా ఉన్నాయా నీ దగ్గర?"

ఆమె తాళం తీసింది. ఒక్కో ఉలి అందుకుని, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూస్తుంటే ఆయన వెన్ను నిటారయింది. "ఈ షెఫీల్డు ఉలి చూశావటే? నా కుర్రతనంలో ఇలాంటిదే దొరగారి మేస్త్రి దగ్గరుండేది. ముట్టుకోనిచ్చేవాడు కాదు."

ఆయన నవ్వుతుంటే ప్రియ పెరట్లోంచి టేకు చెక్క తెచ్చి వరండాలో పెట్టేసింది. బాలస్వామి చిన్న సుత్తితో చిత్రిక దిమ్మని తట్టి, కన్ను దగ్గర పెట్టుకుని బ్లేడు సర్దాడు. అలవాటుగా ముందుకు తోశాడు. కదల్లేదు.

"లాగాలి తాతయ్యా."

లాగి చూశాడు, పట్టు కుదరలేదు. చిత్రికని ప్రభావతికి అందించాడు. "నువ్వు పట్టు. చేతులతో కాదు, నడుముతో లాగు."

మొదటిసారి ఎగుడుదిగుడుగా ముక్కలొచ్చాయి. నాలుగోసారి చెక్క ఈ చివర నుంచి ఆ చివరదాకా, అవతలి వెలుగు కనిపించేంత పల్చటి పొర జారింది. దేవదానం ప్లేటు పక్కన పెట్టి, దాన్ని చిరగకుండా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంకోటి," అన్నాడు బాలస్వామి.

మధ్యాహ్నానికి వరండా అంతా చెక్క పొట్టే. ఆయన అరుగు మీద కూర్చుని లెక్చరు మొదలుపెట్టాడు. "సోమవారం నుంచి స్టూలు మొదలెడదాం. బడి నుంచి రాగానే నా ముందుండాలి. ఆలస్యమైతే ఊరుకోను."

"సరే నాన్నా," అంది నలభై ఆరేళ్ళ ప్రభావతి. అని, ఇక ఆపుకోలేక, పొట్టు నిండిన కొంగులో మొహం దాచుకుని ఏడ్చేసింది.